సీలు కప్పుల ప్రభువు బల్ల: మూడు నెలలు వాడాక

చర్చిలో ప్రభువు బల్లకి, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి, వాడే కప్పు ఇది. దగ్గు మందు సీసా మూతంత ప్లాస్టిక్ కప్పు. అందులో ద్రాక్షరసం, దాని మీద వెండిరంగు రేకు. ఆ రేకు మీద రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్నదైన తెల్లటి రొట్టె బిళ్ల, దాని మీద మళ్లీ పలుచటి ప్లాస్టిక్ పొర. పై పొర లాగితే రొట్టె, కింది రేకు లాగితే రసం. ఎవరి చెయ్యీ తగలదు, ముందురోజు ఎవరూ ఏమీ వండక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ప్రీఫిల్డ్ కమ్యూనియన్ కప్స్ అని కొడితే వరసగా వస్తాయి.

వంద కప్పుల పెట్టెలు ఎనిమిది తెప్పించాం. కొరియర్‌తో కలిపి కప్పు పదహారు రూపాయలు పడింది. మొత్తం 12,800. అది మా స్త్రీల సమాజం పిడికెడు బియ్యం డబ్బు. పూటపూటా బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి, నెలాఖరుకి చర్చికి తెచ్చి అమ్మితే వచ్చిన డబ్బు. సమాజానికి సెక్రటరీని నేనే, లెక్క చెప్పాల్సిందీ నేనే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. ఇలాంటివి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాట్లాడేది కప్పు గురించి.

అసలు ఎందుకు కొన్నామో ముందు చెప్పాలి. మాది శ్రీకాకుళానికి దగ్గర్లో ఉన్న ఊరు, కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటి సంఘం. పెంకుల గుడి పోయి స్లాబు వేశాం, బెంచీల బదులు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఆరాధన క్రమం మాత్రం దొరలు పెట్టి వెళ్లినట్టే ఉంది. ప్రభువు బల్ల నెలకి ఒక్కసారి, మొదటి ఆదివారం. మిగతా ఆదివారాలు ప్రసంగం, కానుక, దీవెన, ఇళ్లకి. మా కుర్రాళ్లలో కొందరు సాయంత్రాలు టౌన్లో ఇండిపెండెంట్ చర్చికి వెళ్తున్నారు. కీబోర్డు, ప్యాడ్లు, గోడంత తెర ఉంటాయని వెళ్తున్నారనే మేం అనుకున్నాం. యూత్ మీటింగులో అడిగితే ఒకమ్మాయి వేరే మాట అంది. "అక్కడ ప్రతి ఆదివారం బల్ల ఉంటాది ఆంటీ. ఇక్కడ ఆ ఒక్క ఆదివారం జ్వరమొస్తే మళ్లీ నెల ఆగాలి."

ఆ మాట కమిటీ దాకా వచ్చింది. పాస్టరు గారు కొత్తగా వచ్చినాయన, సెమినరీలో చదివింది ఇంకా మర్చిపోలేదు. నెలకోసారి అన్నది బైబిల్లో ఎక్కడా లేదన్నారు. పదహారో శతాబ్దంలో సంఘ సంస్కర్త కాల్విన్ జెనీవాలో ప్రతి ఆదివారం కావాలని అడిగితే ఊరి కౌన్సిలు ఏడాదికి నాలుగుసార్లకే ఒప్పుకుందట. ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి వాళ్లు 1982లో లిమాలో తెచ్చిన పత్రంలో కూడా కనీసం ఆదివారానికి ఒకసారైనా ఉండటం తగినదని రాశారట. ఎక్కడో ఎందుకు, మన బ్రదరన్ వాళ్లు, భక్త్‌సింగ్ గారి హెబ్రోను సంఘాల వాళ్లు ప్రతి ఆదివారం రొట్టె విరవట్లేదా అన్నారు. సంఘం పనులు చూసే పెద్ద డీకన్ గారికి నచ్చలేదు. రోజూ పెడితే భయం పోతుందన్నారు. గంటసేపు వాదన జరిగింది. ఇంతలో ట్రెజరర్ గారు ఊరికే అన్నట్టు అడిగారు: "సరే, మరి రొట్టె ఎవరు చేస్తారు?"

అందరూ ఆడవాళ్లం కూర్చున్న వైపు చూశారు.

మా అత్తగారికి 78 ఏళ్లు. ముప్పై ఏళ్ల పైబడి బల్ల రొట్టె ఆవిడే చేస్తున్నారు. శుక్రవారం రాత్రి అరకేజీ నల్ల ఎండుద్రాక్ష నానబెడతారు. శనివారం మధ్యాహ్నం ఆ నీళ్లతోనే మరిగించి, చల్లారాక చేత్తో పిసికి, పాత పొందూరు ఖద్దరు పంచె ముక్కలో వేసి పిండుతారు. ఆ గుడ్డ ఇంక దేనికీ వాడరు. ముదురు వంకాయ రంగు ఎక్కిపోయి, ఎన్నిసార్లు ఉతికినా వదలదు. గోధుమపిండి ఉప్పు లేకుండా కలిపి, దళసరిగా ఒత్తి, పెనం మీద నూనె చుక్క లేకుండా కాలుస్తారు. ఆరాక చాకుతో చిన్న చదరాలు కోయడం నా పని. తర్వాత ట్రేలు. మిషన్ కాలం నాటివి, ఒక్కోదానికి నలభై చిల్లులు, మూడు ట్రేలు. చిన్న గాజు కప్పులు నూట ఇరవై కడగాలి, ఆరబెట్టాలి, నింపాలి. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కడగాలి. ఈ పనిలో మా ఇద్దరితో పాటు పాస్టరమ్మగారు ఒక చెయ్యి వేస్తారు. మగాళ్లు ఆదివారం పొద్దున్న తెల్ల చొక్కాలేసుకుని ట్రే పట్టుకుంటారు.

నెలకి నాలుగుసార్లు ఇది మావల్ల కాదని నేనే చెప్పేశాను. అప్పుడు యూత్ సెక్రటరీ ఫోన్ తీసి ఈ కప్పులు చూపించాడు. మూడు నెలలు, నెలకి రెండుసార్లు, కప్పులతో చేసి చూద్దామని తీర్మానం రాసుకున్నాం. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. శనివారం మధ్యాహ్నం నిద్రపోవచ్చని.

పెట్టెలు చెప్పిన రోజుకే వచ్చాయి, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. మొదటి పెట్టె తెరిచేసరికి తొమ్మిది కప్పులు కారి ఉన్నాయి. ఫొటోలు పెడితే, అందిన 48 గంటల్లోపు చెప్పిన వాటికే డబ్బులు వాపసు అని మెసేజ్ వచ్చింది. మిగతా ఏడు పెట్టెలు అప్పుడే ఎవరు తెరుస్తారు? చర్చి బీరువాలో పెట్టేశాం. నెల తర్వాత తీస్తే బీరువా అడుగున చీమల బారు. మధ్యాహ్నం ఎండకి ఆ గది పెనంలా కాలుతుంది. కొన్ని కప్పుల రేకు ఉబ్బిపోయింది. మొత్తం మీద 23 కప్పులు పోయాయి. కొనేవాళ్లు వచ్చిన రోజే అన్ని పెట్టెలూ తెరిచి చూసుకోండి. ఎండాకాలంలో తెప్పించుకోకండి.

రుచి సంగతి. రసం తియ్యగా ఉంది, వెనకాల కాస్త టానిక్కు వాసన. మా ఆయన దాన్ని రస్నా అన్నారు. మందు మూతతో కొలిచాను, ఏడు ఎంఎల్ లోపే ఉంది. అది చాలు, ఫిర్యాదు లేదు. రొట్టె బిళ్ల మాత్రం ఐస్‌క్రీం కోను అడుగు ముక్కలా ఉంటుంది. నమిలే పని లేదు, నాలుక మీద పెడితే అంగిట్లో అతుక్కుపోతుంది. మా అత్తగారి రొట్టె నమలాలి. పళ్లు లేనివాళ్లు దాన్ని రసంలో నానబెట్టి మింగుతారు, అది వేరే విషయం.

ఇక మొదటి ఆదివారం. గుమ్మం దగ్గర టేబుల్ వేసి కప్పులు పేర్చాం. బల్లలో చెయ్యి వేసేవాళ్లు వస్తూ వస్తూ ఒకటి తీసుకుని కూర్చోవాలి. పాస్టరు గారు వాక్యం చదివారు, ప్రార్థన చేశారు, "ఇప్పుడు పై పొర తీసి రొట్టె తీసుకుందాం" అన్నారు.

నూట పది మంది ఒక్కసారిగా ప్లాస్టిక్ పొర గీకడం మొదలుపెట్టారు.

సినిమా హాల్లో ఇంటర్వెల్ అయ్యాక చిప్స్ ప్యాకెట్లు చించితే వచ్చే చప్పుడు అది. మామూలుగా ఆ సమయంలో మా గుళ్లో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పొర అంచున పట్టుకోవడానికి చిన్న తోక ఉంటుంది, గోటితో పట్టి లాగాలి. పొలం పనిచేసే చేతులకి ఆ గోరు ఉండదు. మూడో వరసలో ఒక తాతగారు పళ్లతో కొరికారు. రెండు పొరలూ కలిసి ఊడొచ్చి రసం అంతా తెల్ల చొక్కా మీద పడింది. నా పక్కనున్న పెద్దమ్మ కప్పు నా చేతిలో పెట్టి, "తియ్యమ్మా, నాకు రాట్లేదు" అంది. ఆవిడది తీశాను, వెనకావిడది తీశాను, నాది తీసేసరికి అందరూ తాగేశారు. పిల్లలు కొందరు గుమ్మం దగ్గర తీసుకున్నప్పుడే లాగేసి చూశారట. ఆ రోజు ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు.

బైబిల్లో కొరింథీ సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో, ఈ బల్ల గురించి కోప్పడింది దీనికే గదా. ఎవరి భోజనం వాళ్లు ముందే తినేస్తున్నారని, ఒకరి కోసం ఒకరు ఆగమని చెప్పాడు. మా ట్రే పద్ధతిలో ఆ ఆగడం దానంతటదే జరిగేది. కప్పు తీసుకుని చేతిలో పట్టుకుని కూర్చుంటాం. ట్రే వెనక వరసకి, కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకి అందేదాకా చూస్తాం. ఎవరికైనా రాకపోతే చెయ్యెత్తి డీకన్ గారికి చూపిస్తాం. పాస్టరు గారు చివర్న తీసుకున్నాక అందరం ఒక్కసారి తాగుతాం. అప్పటిదాకా పురుషోత్తమ చౌదరి గారి కీర్తన. 1803లో పుట్టిన మనిషి, మా పక్క పర్లాకిమిడి ప్రాంతంతో సంబంధం ఉన్నాయన, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన కీర్తన చరణాలన్నీ నెమ్మదిగా సాగదీసి పాడితే మూడు ట్రేలూ తిరిగేసరికి సరిగ్గా సరిపోతుంది. సీలు కప్పులతో ఆ కీర్తనకి చోటే లేకుండా పోయింది. పంచేది ఏమీ లేదు, ఎదురు చూసేదీ లేదు. రెండో వారం కీబోర్డు అబ్బాయి ఒక చరణం మొదలుపెట్టాడు గానీ, రేకుల చప్పుడులో శ్రుతి దొరక్క ఆపేశాడు.

కూర్చున్నచోటికే తెచ్చి ఇవ్వడం మనం పుట్టించిన అలవాటేమీ కాదట, ఇది కూడా పాస్టరు గారే చెప్పారు. 1525లో జూరిక్‌లో జ్వింగ్లీ అనే సంస్కర్త కొత్త పద్ధతి పెట్టినప్పుడు చెక్క పళ్లాల్లో రొట్టె, చెక్క గిన్నెల్లో ద్రాక్షరసం పట్టుకుని జనం కూర్చున్న చోటికి వెళ్లి ఇచ్చారట. వెండి గిన్నెల ఆర్భాటం వద్దని చెక్క. ఇక మా ట్రేలో చిన్న కప్పులు 1890ల్లో అమెరికాలో వచ్చినవి. జబ్బులు సూక్ష్మజీవుల వల్ల అంటుకుంటాయని తెలిశాక ఒకే గిన్నెలో అందరూ తాగడానికి భయపడి అలా మార్చారు. పులవని ద్రాక్షరసం వాడటం ఇంకాస్త ముందు, 1869. న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే పంటి డాక్టరు, మెథడిస్టు, రసాన్ని వేడిచేసి సీసాల్లో పెట్టి పులవకుండా ఆపాడు. మద్యం ముట్టని సంఘాలకి అది బాగా పనికొచ్చింది. అంటే మా అత్తగారు శనివారం పొయ్యి మీద మరిగించేది కూడా ఒకప్పుడు కొత్త పద్ధతే. "మన పూర్వికులు ఇలా చేయలేదు" అని పెద్ద డీకన్ గారు కప్పుల మీద విరుచుకుపడినప్పుడు నాకు ఈ సంగతి చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆయన మాటకి కారణం సరికాదు గానీ, ఆయనకి నచ్చకపోవడం నాకూ అర్థమైంది.

మా అత్తగారు మొదటి ఆదివారం కప్పు తీసుకోలేదు. గుమ్మం దగ్గర చేతిలోకి తీసుకుని, "ఏటే ఇది, టానిక్కా?" అని మళ్లీ టేబుల్ మీద పెట్టేశారు. పని పోయిందని అలక అనుకున్నాను. ఇంటికొచ్చాక అన్నం దగ్గర అడిగాను.

"మా అయ్యకి టీ బడ్డీలో యేరే గలాసు" అన్నారు. "బడ్డీ ఎనకాల మేకుకి తగిలించీవోరు. ఆయనే తీసుకోవాల, ఆయనే కడుక్కోవాల, తాగీసి మల్లీ అక్కడే తగిలించాల. గుడికొస్తే దొరగారు తాగిన గిన్నే మా అయ్య సేతికొచ్చీది. ఆ గిన్నె పట్టుకున్నప్పుడు మా అయ్య సేతులొణికీవి. ఇప్పుడు నన్ను మల్లీ యేరే గలాసు తీసుకోమంటే నానెలా తీసుకుంతాను?"

"అత్తమ్మా, ట్రేలో ఉన్నవీ వేరే కప్పులే గదా, ఇన్నాళ్లూ తీసుకున్నారు" అన్నాను. టీచర్ని గదా, నోరు ఊరుకోదు.

"అది యేరు. ఆ ట్రే నాకు పక్కనున్నోలు ఇచ్చీవోరు. నాను ఇవతలోలికి ఇచ్చీదాన్ని."

ఇంక నేనేమీ అనలేదు. రెండు గ్లాసుల పద్ధతి గురించి చదివాను, పిల్లలకి పాఠం చెప్పాను. పెళ్లయి ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా ఆ గిన్నె సంగతి మాత్రం ఆవిడ నోట అప్పుడే విన్నాను. మా మామగారి ఇంటి పేరుతో పెట్టిన స్టీలు గ్లాసులు మా అలమరలో ఇరవై నాలుగు ఉన్నాయి. ఎవరొచ్చినా వాటిలోనే టీ ఇస్తారు, పేపరు గ్లాసు ఇంట్లోకి రానివ్వరు. ఎందుకో ఆ రోజు తెలిసింది.

చెత్త సంగతి కూడా రాయాలి. ఒక్కో ఆదివారం నూట పది కప్పులు, రెండేసి పొరలు. రసం అంటుకున్న పొరలు కుర్చీల కింద, చెప్పుల దగ్గర, పాటల పుస్తకాల మధ్య. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, స్పూన్లు నిషేధమని బళ్లో పిల్లలతో చార్టు గీయించింది నేనే. ఆదివారం మధ్యాహ్నం అలాంటి సరుకే సంచికెత్తి రోడ్డు చివర కుండీలో వేయడానికి వెళ్తుంటే మా ఎనిమిదో తరగతి పిల్లాడు ఎదురై నమస్తే పెట్టాడు. కడిగే పని తప్పింది గానీ ఏరే పని వచ్చిపడింది. ఏరిందీ ఆడవాళ్లమే.

డబ్బు లెక్క చెప్తాను. ద్రాక్ష, పిండి, పంచదార, గ్యాసు అన్నీ కలిపి పాత పద్ధతికి ఒక ఆదివారానికి మూడు వందల యాభై దాటదు. కప్పులకి 1,760.

ఇంత తిట్టాక, ఇవి బాగా పనికొచ్చిన చోటు కూడా చెప్పకపోతే అన్యాయం. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి. పాస్టరు గారు బల్ల ఆదివారం సాయంత్రం బండి మీద ఆరేడు ఇళ్లకి వెళ్తారు. ఇదివరకు రసం నీళ్ల సీసాలో, రొట్టె టిఫిన్ డబ్బాలో. ఎండలో చివరి ఇంటికి చేరేసరికి రసం పులిసిన వాసన కొట్టేది. పక్షవాతం వచ్చిన ఒక అన్నయ్యకి కప్పు నోటి దగ్గర పెడితే సగం మీద పోయేది. ఈ సీలు కప్పు చిన్నది, గట్టిది, అంచు నోటికి సరిగ్గా ఆనుతుంది. ఆస్పత్రిలో ఉన్న మా సంఘం అమ్మాయికి వార్డులో నర్సు కూడా అభ్యంతరం పెట్టలేదు, సీలు ఉంది గదా. 2020లో లాక్‌డౌన్ పడి ఈస్టరు ఇళ్లలో చేసుకున్నప్పుడు ఇవి మా దగ్గర ఉంటే ఎంత బాగుండేదో. అప్పటి పాస్టరు గారు ఫోన్లో వాక్యం చెప్తుంటే మా ఇంట్లో బత్తాయి రసంతో చేయొచ్చా లేదా అని తగువు పడి, చివరికి చేయనే లేదు.

ఇళ్లకి వెళ్లినప్పుడు కూడా ఒక కిటుకు. పాస్టరు గారు తనకీ ఒక కప్పు తెరుస్తారు, ఇంట్లోవాళ్లకీ ఇస్తారు. మంచం మీదున్న మనిషి ఒక్కరే తాగడం ఉండదు. చిన్న కత్తెర వెంట ఉంచుకుంటే పొర పళ్లతో కొరకక్కర్లేదు. తీసేటప్పుడు కప్పుని మంచం మీద కాకుండా గట్టి చోట పెట్టి తియ్యాలి. పై పొర ముందు, రొట్టె ముక్క తీశాక రేకు. రెండూ కలిపి పట్టారో, చొక్కా పోయినట్టే.

మూడు నెలలయ్యాక కమిటీలో లెక్క చదివాను. నెలకి రెండుసార్లు బల్ల ఉండాలన్నది ఎవరూ వద్దనలేదు, పెద్ద డీకన్ గారితో సహా. ఆయన భయపడినట్టు జనం తగ్గలేదు. రెండో బల్లకి సాయంత్రం టౌన్ చర్చికి వెళ్లే పిల్లలు కొందరు ఇక్కడే కూర్చున్నారు. కప్పులు మాత్రం గుళ్లో వద్దని తేలింది. అప్పుడు మళ్లీ అదే ప్రశ్న, రొట్టె ఎవరు చేస్తారని. ఈసారి మా వైపు చూడకముందే నేను లేచి కాగితం చదివాను. ఇళ్లవారీగా వంతులు. మొదటి వంతు ట్రెజరర్ గారిది.

పోయిన శనివారం ఆయన మా ఇంటికి వచ్చి అత్తగారి ముందు పీట మీద కూర్చున్నారు. ఖద్దరు గుడ్డలో ద్రాక్ష వేసి పిండమంటే, రసం మోచేతి దాకా కారించుకున్నారు. "గట్టిగా తిప్పు బాబూ, గుడ్డేటీ సిరిగిపోదు" అంటున్నారు మా అత్తగారు. రొట్టె ఒకవైపు మాడింది. మాడినవైపు కిందకి పెట్టి కోశాం.

ఐదుకి ఎన్ని అంటే, సంఘమంతా కూర్చునే ఆరాధనకి రెండు. మంచం మీదున్నవాళ్ల ఇంటికి నాలుగున్నర. ఆ అర తగ్గించింది పై పొర తోక కోసం. ఎనిమిది వందల్లో గుళ్లో 660 అయ్యాయి, 23 పోయాయి, 31 ఇళ్లకి వెళ్లాయి. మిగిలిన 86 పాస్టరమ్మగారి ఫ్రిజ్‌లో ఉన్నాయి, గడువు మార్చి వరకు ఉంది. దగ్గర్లోని సంఘాల వాళ్లకి మంచం పట్టినవాళ్ల కోసం కావాలంటే ఊరికే ఇచ్చేస్తాం, వచ్చి తీసుకెళ్లండి.